పాత కారు కొంటున్నారా? రంగు కంటే ముందు తనిఖీల చరిత్ర చూడాలి

40 ఏళ్లనాటి ప్రీమియర్ పద్మిని. కొత్తగా వేసిన రంగు అద్దంలా మెరుస్తోంది. సీట్లకు కొత్త తొడుగులు. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఆర్‌సీ మీద 2029 వరకు గడువు కనిపిస్తోంది. ధర కుదిరింది, బయానా ఇవ్వడమే తరువాయి. సరిగ్గా ఈ ఘట్టంలో కొనుగోలుదారు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ 2029 అన్న అంకె దేనికి హామీ? 2024లో ఒకనాడు ఒక అధికారి ఆ కారును పరిశీలించి, రోడ్డు మీద తిరగడానికి యోగ్యమని సంతకం చేశారన్నదానికి మాత్రమే. ఆ తరువాత ఆ కారు ఏ గుంతలో దిగబడిందో, ఏ వరదనీటిలో నానిందో, ఎన్ని చేతులు మారిందో ఆ అంకె చెప్పదు.

పాత కార్ల మీద మోజు పెరుగుతోంది. బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 తయారీ కూడా అదే ఏడాది ముగిసింది. బొంబాయి కుర్లాలో తయారైన పద్మిని, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అంతకుముందే కనుమరుగయ్యాయి. తండ్రి నడిపిన కారు, ఊళ్లో డాక్టరు గారి ఇంటి ముందు నిలబడి ఉండే కారు, పెళ్లి ఊరేగింపులో పూలదండలతో కదిలిన కారు ఇప్పుడు మళ్లీ కావాలనుకునే తరం చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. అమ్మేవారికి ఈ సంగతి బాగా తెలుసు. జ్ఞాపకానికి ధర కట్టేటప్పుడు కాగితాల వైపు చూసేవారు తక్కువ.

భారతదేశంలో సొంత కారుకు ప్రభుత్వ తనిఖీ చాలా అరుదుగా జరుగుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అన్నేళ్లలో దాని బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి రవాణా శాఖ దానిని పిలవదు. 15 ఏళ్లు నిండాక వాహనాన్ని చూపించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. అది 5 ఏళ్లకు వర్తిస్తుంది. ఆ తరువాత ప్రతి 5 ఏళ్లకూ అదే పద్ధతి. ఈ లెక్కన 1985లో రోడ్డెక్కిన కారు, యజమానులందరూ గడువు తప్పకుండా నడుచుకుని ఉంటే, 2000 నుంచి 2025 వరకు ఆరుసార్లు తనిఖీకి వెళ్లి ఉంటుంది. 40 ఏళ్ల జీవితానికి ఆరు సాక్ష్యాలు. ఇంజిన్ పొగను కొలిచే కాలుష్య ధ్రువపత్రాన్ని చాలామంది తనిఖీగా పొరబడతారు. అది చూసేది పొగను మాత్రమే. తుప్పు, స్టీరింగు, బ్రేకులు దాని పరిధిలోకి రావు.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఎంఓటీ అన్న మాట కొత్త కాదు. ఒకప్పటి రవాణా మంత్రిత్వ శాఖ పేరులోని పొడి అక్షరాలే ఇప్పటికీ ఆ పరీక్షకు పేరుగా నిలిచిపోయాయి. 1960లో మొదలైనప్పుడు అది 10 ఏళ్లు దాటిన కార్లకే పరిమితం. 1967లో దానిని 3 ఏళ్లకు కుదించారు. కారు కొన్న మూడేళ్లకు తొలి పరీక్ష, ఆపైన ఏటా ఒకటి. అసలు విశేషం ఏమిటంటే ఆ ఫలితాలు యజమాని బీరువాలో దాగి ఉండవు. కారు నంబరు ఒక్కటి తెలిస్తే చాలు, ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు సంబంధించి 2005 నుంచి, ఉత్తర ఐర్లండ్‌కు సంబంధించి 2017 నుంచి జరిగిన పరీక్షలు అక్కడ కనిపిస్తాయి. ఏ తేదీన పరీక్ష జరిగింది, మీటరు ఎంత చూపింది, నెగ్గిందా లేదా, నెగ్గకపోతే ఏ లోపం వల్ల, నెగ్గినా ఏ భాగం మీద కన్నేసి ఉంచమన్నారు అన్నవన్నీ వరుసగా ఉంటాయి.

ఆ జాబితాను చదవడం ఒక విద్య. ఊహాత్మకంగా 1979 నాటి ఎంజీబీ కారు ఒకటి అమ్మకానికి వచ్చిందనుకుందాం. 2011 పరీక్షలో కారు నెగ్గింది, కాని అడుగుభాగంలో తుప్పు మొదలైందని సలహాగా రాశారు. 2012లో సీటు బెల్టు బిగింపు దగ్గర తుప్పు కారణంగా తప్పింది. మర్నాడే మళ్లీ పరీక్షకు వెళ్లి నెగ్గింది. ఒక్క రాత్రిలో ఏం జరిగింది? బహుశా ఒక రేకు ముక్క అతికించి ఉంటారు. ఆ తరువాతి రెండేళ్లలో అదే చోట మళ్లీ తుప్పు ప్రస్తావన వచ్చిందా లేదా అన్నది చూస్తే, జరిగింది మరమ్మతా లేక కప్పిపుచ్చడమా అన్నది చాలావరకు తేలిపోతుంది. మైళ్ల అంకెలూ అంతే. ఏటేటా కొద్దికొద్దిగా పెరిగే అంకె ఒక ఏడాది హఠాత్తుగా తగ్గితే, మీటరు మారిందో, అయిదంకెల మీటరు ఒక చుట్టు పూర్తి చేసిందో, ఎవరో వెనక్కి తిప్పారో అడిగి తెలుసుకోవాలి. రెండు మూడేళ్లు ఏ పరీక్షా లేకపోతే ఆ కాలమంతా కారు షెడ్డులో పడి ఉందని అర్థం చేసుకోవచ్చు. నిలబడి ఉన్న కారు క్షేమంగా ఉందనుకోవడం పొరపాటు. బ్రేకు గొట్టాలు, రబ్బరు భాగాలు, పెట్రోలు ట్యాంకు వాడకం లేకపోయినా పాడవుతాయి.

అయితే బ్రిటన్ పద్ధతికీ ఒక వెలితి ఉంది. 2018 మే 20 నుంచి 40 ఏళ్లు దాటిన కార్లకు, వాటిలో గణనీయమైన మార్పులు చేయకపోతే, ఎంఓటీ తప్పనిసరి కాదు. అంటే కారు క్లాసిక్ అనిపించుకునే వయసుకు వచ్చేసరికి దాని చరిత్ర రాయడం ఆగిపోతుంది. పైన ఊహించుకున్న ఎంజీబీ విషయంలో 2019తో రాతలు ముగియవచ్చు. యజమాని కోరుకుంటే ఆ తరువాతా స్వచ్ఛందంగా పరీక్ష చేయించుకోవచ్చు. అలా చేయించిన వ్యక్తి దగ్గర కొనడం ఒక విధంగా నిశ్చింత. మరో సంగతి, ఎంఓటీ ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ పరిస్థితిని పరిశీలించదు. పొగ ప్రమాణాలకు లోబడి ఉంటే చాలు. నిన్ననే నెగ్గిన కారు రేపు గేర్‌బాక్స్ విరిగి ఆగిపోయినా ఆ ధ్రువపత్రం అబద్ధమాడినట్లు కాదు.

మన దగ్గర అటువంటి ఒకే జాబితా లేదు కాబట్టి, కొనుగోలుదారే చరిత్రను కూర్చుకోవాలి. ముక్కలు వేర్వేరు చోట్ల దొరుకుతాయి. మొదటిది ఆర్‌సీ. స్మార్ట్ కార్డుగా మారిన ఆర్‌సీలో తొలి రిజిస్ట్రేషన్ తేదీ, తయారీ నెల, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంధనం, రంగు, ఎన్నో యజమాని అన్న వివరాలు ఉంటాయి. కాని పాత కాగితపు పుస్తకంలో ఉన్నంత సమాచారం కార్డులో ఉండదు. ఆ పాత పుస్తకంలో పునరుద్ధరణ ముద్రలు, యజమానుల మార్పు, అప్పు తాలూకు నమోదు, తీరిన తరువాత కొట్టివేత వరుసగా కనిపించేవి. అమ్మేవారి దగ్గర ఆ పుస్తకమో దాని నకలో ఉందా అని అడగడం మంచిది. లేదంటే రవాణా కార్యాలయంలో బి-రిజిస్టర్ నకలు తీసుకోమని అమ్మేవారినే కోరవచ్చు. మోటారు ప్రమాద పరిహారం కేసుల్లో న్యాయస్థానాలకు సమర్పించే పత్రం ఇదే. కారు అసలు యజమాని ఎవరన్నదానికి దీనికి మించిన ఆధారం తక్కువ.

కేంద్ర ప్రభుత్వ పరివాహన్ పోర్టల్‌లో, ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే వివరాలు వస్తాయి కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అది మొదటి మెట్టు మాత్రమే. రిజిస్ట్రేషన్ గడువు, బీమా గడువు, కాలుష్య పత్రం గడువు అక్కడ తెలుస్తాయి. తనిఖీలో ఏ లోపాలు బయటపడ్డాయో తెలియదు. పైగా కాగితాల కాలంనాటి వాహనాల వివరాలన్నీ కంప్యూటర్లలోకి ఎక్కలేదు. తెలంగాణ రవాణా శాఖ చాలాకాలం కేంద్ర వ్యవస్థలో చేరకుండా సొంత వ్యవస్థనే నడిపింది. అందువల్ల కేంద్ర పోర్టల్‌లో వివరాలు కనిపించలేదంటే కారు దొంగదని తేల్చేయనక్కరలేదు. కనిపించినంత మాత్రాన అంతా సవ్యమని నమ్మనూ కూడదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంకో చిక్కు ఉంది. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయింది. తెలంగాణలో తిరిగే పాత కార్లు నేటికీ ఏపీ నంబరుతోనే ఉన్నాయి. జిల్లాల విభజనతో రవాణా కార్యాలయాల పరిధులూ మారాయి. 1989కి ముందునాటి కారైతే మూడక్షరాల పాత వరుస నంబరు ఉంటుంది. తొలి దస్త్రం ఏ ఊరి కార్యాలయంలో ఉందో ముందుగా తెలుసుకోవడం ఈ కారణాల వల్ల అవసరమవుతుంది.

కాగితం మీది అంకెలు కారు మీద ఉన్న అంకెలతో సరిపోవడం అన్నింటికన్నా ముఖ్యం. పాత కార్లలో ఇంజిన్ మార్పిడి సర్వసాధారణం. పెట్రోలు ధర భరించలేక అంబాసిడర్‌లో డీజిల్ ఇంజిన్ పెట్టించినవారు, గ్యాసు సిలిండరు బిగించినవారు కోకొల్లలు. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం అటువంటి మార్పుకు అధికారుల అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. చాలామంది ఆ పని చేయలేదు. మంచి మెకానిక్కు చేతిలో ఆ ఇంజిన్ 20 ఏళ్లు నడిచి ఉండవచ్చు, యజమానికి ఎప్పుడూ ఇబ్బంది రాకపోయి ఉండవచ్చు. పేరు మార్పిడికి వెళ్లిన నాడు ఇంజిన్ నంబరు కుదరక దస్త్రం ఆగిపోతుంది, ఆ తలనొప్పి కొత్త యజమానిది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకోవడం రవాణా కార్యాలయాల్లో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. బయానా ఇవ్వకముందే కొనుగోలుదారు ఆ పని తనే చేసుకోవచ్చు. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా, చుట్టూ కొత్త వెల్డింగు కనిపించినా, ఆ చోట మాత్రమే రంగు మందంగా ఉన్నా కారణం తెలిసేదాకా ముందుకు వెళ్లకూడదు. ప్రమాదంలో పూర్తిగా దెబ్బతిన్న వాహనం ఆర్‌సీని దొంగిలించిన మరో వాహనానికి తగిలించడం పాత నేరమే. జాతీయ నేర రికార్డుల సంస్థ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజిన్ నంబర్లతో ఆ వాహనం చోరీ జాబితాలో ఉందో లేదో పరిశీలించే వీలుంది.

విచిత్రమేమిటంటే, జనం కొనడానికి వెనుకాడే కారుకే తనిఖీల చరిత్ర నిండుగా ఉంటుంది. ఒకప్పుడు టాక్సీగా తిరిగి తరువాత ప్రైవేటుగా మారిన అంబాసిడర్ సంగతి ఇది. రవాణా వాహనానికి ఫిట్‌నెస్ పరీక్ష 15 ఏళ్లు ఆగదు; కొత్తలో రెండేళ్లకు, వయసు మీరాక ఏటా తప్పదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును పల్లెల్లో బ్రేకు ఇన్‌స్పెక్టరు అని పిలిచేది ఈ పరీక్ష మూలంగానే. అటువంటి కారు ఎక్కువ తిరిగిందన్నది నిజం. దాని జీవితంలో ఏ సంవత్సరం ఏం జరిగిందో చెప్పే కాగితాలుంటే, ఒక్క చేతిలోనే ఉందన్న నోటిమాట తప్ప ఆధారం లేని కారుకంటే దానినే ఎంచుకోవడంలో తప్పులేదు. ప్రభుత్వ శాఖలు వేలం వేసిన కార్ల విషయంలో మాత్రం వేలం ఉత్తర్వు, పేరు మార్పిడి తేదీ తప్పక చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరించడం లేదు. ఆ తేదీ నాటికి ఇంకా ప్రభుత్వ శాఖ పేరిటే ఉన్న కారు ఆర్‌సీ కొనుగోలుదారుకు పనికిరాకపోవచ్చు.

ఖాళీల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పునరుద్ధరణ 2010లో జరిగి, ఆ తరువాత 2019లో జరిగితే మధ్యలో నాలుగేళ్లు కారు రిజిస్ట్రేషన్ లేకుండా ఉన్నట్లే. ఆ కాలంలో బీమా ఉందా? బీమా తెగిపోయిన కారుకు సొంత నష్టం వర్తించే పాలసీ మళ్లీ ఇవ్వడానికి బీమా సంస్థలు వాహనాన్ని పరిశీలిస్తాయి. ఆ పరిశీలనలో తీసిన ఫొటోలు, నివేదిక యజమాని దగ్గర ఉంటే అవి రవాణా శాఖ సంతకం కంటే ఎక్కువ సంగతులు చెబుతాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన వరదల్లో వేలాది వాహనాలు మునిగాయి. ఆ నెలల తరువాత వెంటనే అమ్ముడుపోయిన, లేదా ఆ సమయంలో బీమా పరిహారం పొందిన కారైతే తివాచీ ఎత్తి నేల రేకు చూడాలి, సీట్ల కింది పట్టాలు చూడాలి, దీపాల అద్దాల లోపల నీటి చారలున్నాయేమో చూడాలి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఏళ్లతరబడి ఉన్న కార్లకు ఉప్పుగాలే చాలు. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ చట్రం ఉండదు, శరీరమే చట్రం. అడుగురేకుకు పట్టిన తుప్పు దాని వెన్నెముకకు పట్టిన తుప్పే.

గడువు తీరిన ఆర్‌సీతో చౌకగా వస్తోందని కొనేవారు ఖర్చు లెక్క ముందే వేసుకోవడం నయం. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు పునరుద్ధరణ రుసుమును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దానిని 10,000 రూపాయలు చేశారు. గడువు దాటాక దరఖాస్తు చేస్తే కార్లకు నెలకు 500 రూపాయల అదనపు రుసుము నిబంధనల్లో ఉంది. హరిత పన్ను వేరు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకుంటే నిరభ్యంతర పత్రం, ఇక్కడి జీవితకాల పన్ను అదనం. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద 2015, 2018 నాటి ఉత్తర్వుల తరువాత అక్కడి పాత కార్లు తక్కువ ధరకు దక్షిణాదికి రావడం మొదలైంది. వాటిలో మంచివి లేకపోలేదు. నిరభ్యంతర పత్రం ఏ జిల్లా కార్యాలయం పేరిట, ఏ తేదీన ఇచ్చారన్నది చూడకుండా డబ్బు చేతులు మారితే మాత్రం కారు ఇంటి ముందు నిలబడిపోతుంది.

క్లాసిక్ అన్న మాట సంతలో వినిపిస్తుంది కాని, మన చట్టంలో ఆ తరగతి లేదు. ఉన్నది వింటేజ్ ఒక్కటే. 2021 జులైలో వెలువడిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, శరీరం, ఇంజిన్ అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనం వింటేజ్ కిందికి వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, 10 ఏళ్ల గడువు, నంబరులో వీఏ అన్న అక్షరాలు. అప్పటికే రిజిస్టరైన వాహనాలు పాత నంబరును ఉంచుకోవచ్చు. రాష్ట్ర కమిటీ వాహనాన్ని పరిశీలించి అర్హత తేలుస్తుంది. వింటేజ్‌గా నమోదైన కారును రోజువారీ అవసరాలకు నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం, మరమ్మతుల కోసం మాత్రమే రోడ్డెక్కాలి. ఆఫీసుకు వెళ్లడానికి ముచ్చటపడి కొనేవారు ఈ షరతు ముందే తెలుసుకోవాలి. 15 ఏళ్లకు, 50 ఏళ్లకు మధ్య ఉన్న పద్మినీలు, కాంటెస్సాలు, మారుతి 800లు చట్టం దృష్టిలో కేవలం పాత కార్లు. డీజిల్ ఇంజిన్ పెట్టిన 1970 అంబాసిడర్‌కు వయసు ఉన్నా వింటేజ్ గుర్తింపు రావడం కష్టమే. ఎప్పుడో ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన మార్పు దాని విలువను ఈనాడు తగ్గిస్తుంది.

ఇక సంతకాల విషయం. యజమాని 29, 30 ఫారాల మీద సంతకం చేసి ఖాళీగా ఇచ్చేస్తే, ఆ కాగితాలతో కారు ముగ్గురు నలుగురు మధ్యవర్తుల చేతులు మారడం మనకు కొత్తేమీ కాదు. ఆ మధ్యకాలంలో కారు ఎవరిదో ఏ రికార్డూ చెప్పదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇటువంటి వ్యవహారంలోనే తీర్పు చెప్పింది. కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన నాటికి రిజిస్ట్రేషన్ ఎవరి పేరిట ఉందో వారే పరిహారానికి బాధ్యులని స్పష్టం చేసింది. అమ్మినవారికి అది హెచ్చరిక. కొన్నవారికి కూడా చిక్కే, తన పేరిట లేని కారుకు బీమా పరిహారం అడగడం తేలిక కాదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల వ్యాపారి రవాణా శాఖ అనుమతి పొందాలి, కారు తన దగ్గరకు చేరినట్లు తెలియజేయాలి. అనుమతి చూపించమని అడగడానికి మొహమాటం అక్కరలేదు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాక చివరి తనిఖీ మెకానిక్కుది. అమ్మేవారు చూపించిన గ్యారేజీ కాకుండా, ఆ రకం కార్ల మీద చేయి తిరిగిన వేరే మనిషి చేత చూపించుకోవాలి. కారును గుంత మీదికో లిఫ్టు మీదికో ఎక్కించి అడుగు నుంచి చూడనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయవచ్చు. చల్లటి ఇంజిన్ మొదటిసారి అందుకునేటప్పుడు పక్కనుండి వినాలి. ముందే వేడెక్కించి ఉంచిన ఇంజిన్ తన లోపాలు దాచుకుంటుంది. పాత బిల్లులు, సర్వీసు పుస్తకం ఉంటే వాటిలో రాసిన కిలోమీటర్లను తేదీల వారీగా ఒక కాగితం మీద వేసుకుని మీటరుతో పోల్చాలి. అలా చేస్తే బ్రిటన్ వెబ్‌సైటులో కనిపించే జాబితా లాంటిది మన చేతిరాతలో తయారవుతుంది.

డబ్బు చెల్లించాక 30 రోజుల్లో కొనుగోలుదారు పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. పెండింగు చలానాలు, తీరని అప్పు తాలూకు నమోదు ఆ దశలో బయటపడితే అమ్మినవారి ఫోను మోగుతూనే ఉంటుంది కాని ఎత్తేవారుండరు. అందుకే చాలామంది అనుభవజ్ఞులు ధరలో కొంత భాగాన్ని, రాతపూర్వక ఒప్పందంతో, కొత్త ఆర్‌సీ తమ పేరిట వచ్చేదాకా అట్టేపెట్టుకుంటారు.